వంద రూపాయల్లో ఊరికి మిగిలేదెంత? బాధ్యతాయుత పర్యాటకం అసలు లెక్క

2024 జులైలో బార్సిలోనా వీధుల్లో కొన్ని వేల మంది స్థానికులు ఊరేగింపు తీశారు. వారిలో కొందరు, ఆరుబయట బల్లల దగ్గర కూర్చుని భోజనం చేస్తున్న పర్యాటకుల మీద పిల్లల ఆట తుపాకులతో నీళ్లు చిమ్మారు. అదే ఏడాది ఏప్రిల్ 25న వెనిస్ నగరం, ఒక్క పూట చూసి వెళ్లిపోయే వారి నుంచి 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. మ్యూజియానికో కోటకో కాదు, మనుషులు కాపురం ఉంటున్న నగరంలోకి అడుగుపెట్టడానికే టికెట్టు.

ఇదే కాలంలో రువాండా కొండల్లో మరో దృశ్యం కనిపిస్తుంది. అక్కడ కొండ గొరిల్లాలను ఒక గంట సేపు దగ్గరగా చూడడానికి విదేశీ యాత్రికులు 1,500 డాలర్లు చెల్లిస్తున్నారు. ఒకప్పుడు అంతరించిపోతాయని భయపడిన ఆ గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది. పర్యాటకం ఒకచోట జనాన్ని వీధుల్లోకి లాగింది, మరోచోట అడవిని నిలబెట్టింది. అది మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఇక్కడే చెల్లకుండా పోతుంది. యాత్రికుడు ఖర్చు పెట్టిన డబ్బు ఏ దారిన పోతోంది, ఎందరు రావాలో నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలా చిక్కుముడులు విడతాయి.

ఒకేలా వినిపించే మూడు మాటలు

సుస్థిర పర్యాటకం, పర్యావరణ పర్యాటకం, బాధ్యతాయుత పర్యాటకం. ప్రకటనల్లో ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. నిజానికి వీటి అర్థాలు వేరు.

సుస్థిర పర్యాటకం ఒక గమ్యం. ఇవాళ్టి యాత్రికుల అవసరాలు తీరాలి, రేపటి తరానికీ ఆ చోటు మిగలాలి. పర్యావరణ పర్యాటకం యాత్రల్లో ఒక రకం. అడవులు, పగడపు దిబ్బలు, పక్షుల ఆవాసాల వంటి ప్రకృతి స్థలాలకు వెళ్లి, వాటి సంరక్షణకు తోడ్పడేది. బాధ్యతాయుత పర్యాటకం గమ్యం కాదు, రకం కాదు, పని చేసే పద్ధతి. హోటలు యజమాని, యాత్రా సంస్థ, స్థానిక ప్రభుత్వం, యాత్రికుడు, ఊరివాళ్లు వీరిలో ఎవరు దేనికి జవాబుదారీ అని తేల్చడమే దాని సారం.

ఈ తేడా వాదన కోసం చెప్పేది కాదు. నట్టడవిలో కట్టిన విడిదిలో సిబ్బంది అంతా దూరప్రాంతాల నుంచి వచ్చినవారే అయితే, మురుగు పక్క వాగులోకి పోతుంటే, అది ప్రకృతి యాత్రే కావచ్చు కానీ బాధ్యతాయుతం కాదు. జనంతో కిటకిటలాడే మహానగరం నడిబొడ్డున ఉన్న హోటలు స్థానికులకు మంచి వేతనాలిస్తూ, నీళ్లను తిరిగి శుద్ధి చేసి వాడుతుంటే అది బాధ్యతాయుతమే.

ఈ భావనకు అందరూ ఆధారంగా తీసుకునే పత్రం 2002లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వెలువడిన ప్రకటన. ప్రజలు జీవించడానికి మెరుగైన చోట్లను, ప్రజలు చూడడానికి మెరుగైన చోట్లను రూపొందించడమే బాధ్యతాయుత పర్యాటకమని అది చెబుతుంది. ఇందులో వరసను గమనించాలి. ముందు జీవించడం, ఆ తర్వాతే చూడడం. ఆ వరస తలకిందులైన చోటల్లా ఏదో ఒక రూపంలో బార్సిలోనా కనిపిస్తుంది.

డబ్బు ఎక్కడ కారిపోతుంది

పర్యాటక ఆర్థికశాస్త్రంలో లీకేజీ అనే మాట ఉంది. చిల్లుపడిన కుండలో నీళ్లలాగా, యాత్రికుడు ఖర్చు పెట్టిన డబ్బు ఊళ్లో నిలవకుండా బయటికి పోవడం. హోటలు వేరే దేశపు సంస్థది అయితే లాభం అక్కడికి పోతుంది. వంటగదిలోకి కూరగాయలు, పళ్లు, చేపలు బయటి నుంచి వస్తే వాటి ధర బయటికి పోతుంది. మేనేజర్లు బయటివారైతే జీతంలో పెద్ద భాగం వాళ్ల సొంతూళ్లకు పోతుంది. గది బుక్ చేసిన వెబ్‌సైటుకు ముట్టే కమీషను ఊరి ముఖం కూడా చూడదు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక ఊళ్లో యాత్రికుడు వంద రూపాయలు ఖర్చు పెట్టాడు. ఆ ఊళ్లో ఎవరి చేతికి డబ్బు వచ్చినా అందులో 60 శాతం మళ్లీ ఊళ్లోనే ఖర్చవుతుందనుకుందాం. వందలో 60 రెండో చేతికి వెళతాయి, అందులో 36 మూడో చేతికి, తర్వాత 21 పైచిలుకు నాలుగో చేతికి. ఇలా కూడుకుంటూ పోతే ఆ వంద రూపాయలు ఊళ్లో మొత్తం 250 రూపాయల లావాదేవీలను పుట్టిస్తాయి. ఇప్పుడు 20 శాతమే తిరిగి ఖర్చయ్యే మరో ఊరిని తీసుకుందాం. వంద, ఇరవై, నాలుగు, ఆపైన కొన్ని పైసలు. మొత్తం 125. వచ్చిన యాత్రికుడు ఒక్కడే, పెట్టిన ఖర్చు ఒక్కటే, ఊరికి దక్కింది సగం.

ఈ లెక్కను ఇంకోవైపు నుంచి చదివితే పర్యావరణం కనిపిస్తుంది. రెండో ఊరు మొదటి ఊరితో సమానంగా బాగుపడాలంటే రెట్టింపు యాత్రికులు రావాలి. అంటే రెట్టింపు నీళ్లు, రెట్టింపు చెత్త, రెట్టింపు మురుగు, రెట్టింపు వాహనాలు. డబ్బు కారిపోయే ఊరు ఆ లోటు పూడ్చుకోవడానికి జనాన్ని పెంచుకుంటూ పోతుంది. స్థానికుల ఆదాయం, పర్యావరణం వేరు వేరు పద్దులన్నట్టు మాట్లాడుతుంటారు. నా దృష్టిలో అవి ఒకే పద్దుకు రెండు పక్కలు. తల ఒక్కింటికి ఊళ్లో నిలిచే డబ్బు పెరిగిన కొద్దీ కావలసిన తలల సంఖ్య తగ్గుతుంది.

కారిపోయేదంతా అన్యాయం కాదు. ఒక చిన్న ద్వీపం సౌర ఫలకాలనో, పడవ ఇంజన్లనో సొంతంగా తయారు చేసుకోలేదు. వాటిని కొనక తప్పదు. కొందరు ఆర్థికవేత్తలు మరో అభ్యంతరం చెబుతారు. విమానం టికెట్టు డబ్బును కూడా కారిపోయినట్టు చూపించే లెక్కలు సమస్యను పెద్దది చేస్తాయని, ఆ సొమ్ము ఎన్నడూ ఊరికి చేరనే లేదని వారి వాదన. ఆ అభ్యంతరంలో న్యాయముంది. అందుకే ఒకటే శాతాన్ని ప్రపంచమంతటికీ అంటగట్టడం కంటే, ఫలానా ఊళ్లో ఫలానా హోటలు దేన్ని ఎక్కడ కొంటోందో చూడడమే మేలు.

కుమరకోమ్‌లో కూరగాయలు నేర్పిన పాఠం

కేరళలో వేంబనాడ్ సరస్సు ఒడ్డున ఉన్న కుమరకోమ్ ఇందుకు బాగా అధ్యయనం చేసిన ఉదాహరణ. సరస్సు ఒడ్డున పెద్ద పెద్ద విడిదులు వెలిశాక స్థానికుల్లో అసంతృప్తి పేరుకుంది. విడిదుల్లో ఉద్యోగాలు దక్కక, ఒడ్డుకు వెళ్లే దారులు మూసుకుపోయి, ఊరికి మిగిలిందేమిటన్న ప్రశ్న బలపడింది. కేరళ ప్రభుత్వం 2008లో బాధ్యతాయుత పర్యాటకాన్ని కుమరకోమ్, కోవళం, తేక్కడి, వయనాడ్‌లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. నాలుగు చోట్లా ఆరంభమైనా కుమరకోమ్‌లోనే అది ముందుగా వేళ్లూనింది.

చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. హోటళ్లు కూరగాయలు, గుడ్లు, చేపలు ఊళ్లోనే కొనాలి. ఊళ్లో కుటుంబశ్రీ మహిళా బృందాలు వాటిని పండించి ఇవ్వాలి. చిక్కంతా ఆచరణలో ఉంది. హోటలు వంటగదికి ప్రతిరోజూ, ఒకే నాణ్యతలో, వేళకు సరుకు కావాలి. చిన్న రైతుకు ఒక వారం పంట ఉంటుంది, మరో వారం ఉండదు. హోటళ్లు నెలాఖరున బిల్లు కడతాయి, కూరగాయలు పండించిన మహిళకు డబ్బు ఆ రోజే కావాలి. బజారు ధర పెరిగితే రైతు బయట అమ్మాలనుకుంటుంది, తగ్గితే హోటలు బయట కొనాలనుకుంటుంది.

ఈ మూడు చిక్కులనూ విడివిడిగా విప్పారు. సరుకు పోగుచేసి హోటళ్లకు అందించే ఉమ్మడి వ్యవస్థ ఏర్పడింది. ధర నిర్ణయించడానికి ఒక కమిటీ, నాణ్యత చూడడానికి మరో కమిటీ వచ్చాయి. పంచాయతీ మధ్యవర్తిగా నిలిచింది. బీడుపడిన పొలాలు మళ్లీ సాగులోకి వచ్చాయి. ఈ కృషికి గాను 2013లో కేరళకు ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ యులిసిస్ పురస్కారం దక్కింది.

స్థానికంగా కొనండి అని యాత్రికులకు, హోటళ్లకు హితవు చెప్పే రాతలు కొల్లలు. కుమరకోమ్‌లో పనిచేసింది హితవు కాదు. హోటలుకు నష్టం రాకుండా, రైతుకు అప్పు పడకుండా కూర్చిన ఒక ఏర్పాటు. ఉద్దేశం బాగుండి ఏర్పాటు లేని చోట మొదటి సరఫరా ఆలస్యమైన రోజునే హోటలు మళ్లీ పాత లారీకి ఫోను చేస్తుంది.

అడవి బతికి ఉంటేనే ఆదాయం

అడవి పక్క గ్రామంలో నివసించే రైతుకు అడవి జంతువు అంటే మొదట గుర్తొచ్చేది పంట నష్టం. ఆ జంతువు బతికి ఉండడం వల్ల తనకు లాభం ఉందని తేలితే లెక్క మారుతుంది. ప్రకృతి పర్యాటకాన్ని సమర్థించే వాదనకు పునాది ఇదే.

రువాండా 2005 నుంచి జాతీయ పార్కుల పర్యాటక ఆదాయంలో 5 శాతాన్ని చుట్టుపక్కల సమాజాలకు కేటాయించింది. 2017లో గొరిల్లా పర్మిట్ ధరను 750 డాలర్ల నుంచి 1,500 డాలర్లకు పెంచినప్పుడు ఆ వాటాను 10 శాతం చేసింది. ఒక్కో పర్మిట్ మీద 150 డాలర్లు. ఆ డబ్బుతో బడులు, ఆరోగ్య కేంద్రాలు, తాగునీటి సదుపాయాలు వచ్చాయి. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే, అదీ ఒక గంట సేపే అనుమతిస్తారు. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కొండ గొరిల్లాలను అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి ఒక మెట్టు కిందికి, ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలోకి మార్చింది. పశువైద్యం, గస్తీ, పర్యాటకపు డబ్బు కలిసి సాధించిన ఫలితమది.

నమీబియా మరో దారి పట్టింది. ఆదాయంలో వాటా ఇవ్వడం కాదు, హక్కే ఇచ్చింది. 1996లో చేసిన చట్టం ప్రకారం ఉమ్మడి భూముల్లో నివసించే సమాజాలు తమ సరిహద్దులు, సభ్యులు, కమిటీ నిర్ణయించుకుని పరిరక్షణ ప్రాంతంగా నమోదు చేసుకోవచ్చు. అక్కడి వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద వచ్చే ఆదాయం ఆ సమాజానిదే. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి. ఇప్పుడు ఎనభైకి పైగా ఉన్నాయి, దేశ విస్తీర్ణంలో సుమారు అయిదో వంతు వాటి కిందికి వస్తుంది. వాటి ఆదాయంలో కొంత అనుమతులతో కూడిన వేట నుంచి కూడా వస్తుంది. జంతువును చంపి జాతిని కాపాడడమేమిటని అభ్యంతరపెట్టేవారు ఉన్నారు. యాత్రికులు రాని మారుమూల ప్రాంతాల్లో ఆ ఆదాయం లేకపోతే భూమి పశువుల మేతకు పోతుందని సమర్థించేవారూ ఉన్నారు. రెండు వాదాలనూ చిత్తశుద్ధితో వినిపించే పరిశోధకులున్నారు, ఈ వివాదం ఇంకా తేలలేదు.

వాటా, హక్కు అన్న రెండింటి మధ్య దూరం పెద్దది. వాటా ఎంతో పైవాళ్లు నిర్ణయిస్తారు, రేపు తగ్గించనూవచ్చు. హక్కు ఉన్న సమాజం ఒక విడిది కట్టడానికి వచ్చిన సంస్థతో బేరం ఆడగలదు, అవసరమైతే వద్దని చెప్పగలదు.

స్థానికులు అన్న ఒక్క మాటలో ఎందరు

గొరిల్లాల విజయగాథకు ఒక చీకటి పక్క ఉంది. రువాండా పొరుగున ఉన్న ఉగాండాలో బ్విండీ అడవిని 1991లో జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు, తరతరాలుగా ఆ అడవి మీదే బతికిన బాట్వా ప్రజలను బయటికి పంపేశారు. వేట, తేనె సేకరణ తెలిసిన వారికి సాగుభూమి లేదు, పరిహారమూ సరిగా అందలేదు. గొరిల్లాలు పెరిగాయి, పర్మిట్ల ఆదాయం పెరిగింది, అడవిని అందరికంటే బాగా తెలిసినవారు దాని అంచున నిరుపేదలుగా మిగిలారు. పర్యాటకం స్థానికులకు మేలు చేసిందా అని అడిగితే ఏ స్థానికులకు అని ఎదురు అడగాల్సిన సందర్భమిది.

నష్టం ఒకరికి, లాభం ఇంకొకరికి దక్కడం ఇంత తీవ్రంగా లేని చోట్ల కూడా జరుగుతుంది. పార్కు ఆదాయంతో కట్టిన బడి ఊరందరిదీ. అడవిదున్న వచ్చి తొక్కిన చేను ఒక్క కుటుంబానిది. బడి ఎంత బాగున్నా ఆ కుటుంబం కడుపు నిండదు. అందుకే రువాండాలో పంట నష్టానికి విడిగా పరిహార నిధి పెట్టాల్సి వచ్చింది.

నగరాల్లో ఇదే సమస్య అద్దె రూపంలో వస్తుంది. ఇల్లు ఉన్నవాడు దాన్ని రోజువారీ అద్దెకు యాత్రికులకిస్తే ఏడాది అద్దె కంటే ఎక్కువ సంపాదిస్తాడు. అతడూ స్థానికుడే. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ అద్దెకున్న టీచరు ఊరి బయటికి వెళ్లాల్సి వస్తుంది. ఆమె కూడా స్థానికురాలే. బార్సిలోనా నగర పాలక సంస్థ 2024 జూన్‌లో, పర్యాటకులకు అద్దెకిచ్చే పది వేలకు పైగా ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి పూర్తిగా ఆపేస్తామని ప్రకటించింది. ఇంటి యజమానులు ఇది తమ ఆస్తి హక్కును హరించడమేనన్నారు. అద్దెల పెరుగుదలకు పర్యాటకం ఒక్కటే కారణం కాదని, కొత్త ఇళ్లు కట్టకపోవడం అసలు కారణమని వాదించేవారూ ఉన్నారు. అద్దెదారుల సంఘాలు మాత్రం ఊళ్లో మనుషులే ఉండలేకపోతే ఇక ఊరెక్కడిదని అడుగుతున్నాయి.

1975లో జి.వి. డాక్సీ అనే పరిశోధకుడు స్థానికుల మనోభావాల్లో నాలుగు దశలు గుర్తించాడు. మొదట ఉత్సాహం, తర్వాత ఉదాసీనత, ఆపైన చిరాకు, చివరికి వైరం. ఊరు మొత్తం ఒకే మనిషిలా ఈ మెట్లు దిగుతుందన్నట్టు చెప్పడం ఈ సిద్ధాంతంలో లోపం. దుకాణదారు ఇంకా ఉత్సాహంలో ఉండగానే అద్దెదారు వైరానికి చేరుకుంటాడు.

ఎంతమంది వస్తే ఎక్కువ

ఈ ప్రశ్నకు జవాబుగా వహన సామర్థ్యం అనే భావన వచ్చింది. ఒక చోటు చెడిపోకుండా భరించగల యాత్రికుల సంఖ్య అని దాని అర్థం. లాటిన్ అమెరికా అభయారణ్యాల్లో 1990లలో మిగెల్ సిఫ్వెంటెస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఈ సంఖ్యను మూడు అంచెల్లో లెక్కిస్తుంది.

రెండు కిలోమీటర్ల అడవి దారి ఉందనుకుందాం. పదేసి మంది బృందాలు, బృందానికీ బృందానికీ మధ్య రెండు వందల మీటర్ల ఎడం. దారిలో ఒకేసారి పది బృందాలు, వంద మంది పడతారు. నడకకు రెండు గంటలు, దారి తెరిచి ఉండేది ఎనిమిది గంటలు కాబట్టి రోజుకు నాలుగు విడతలు, 400 మంది. ఇది కేవలం జాగా చెప్పే లెక్క. ఏడాదిలో పావు వంతు రోజులు పక్షులు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు దారి మూయాలి. సగటు 300కు దిగింది. దారిలో అయిదో వంతు వానకు కోసుకుపోయే నేల, ఆ మేరకు తగ్గిస్తే 240. చివరగా, ఉండాల్సిన కాపలాదారుల్లో సగం మందే ఉన్నారు. 120.

నాలుగు వందల నుంచి నూట ఇరవైకి వచ్చాం. అడవి మాత్రం అదే. చివరి అంకెను సగానికి దించింది ప్రకృతి కాదు, నిర్వహణ. కాపలాదారులను పెంచితే ఆ సంఖ్య మళ్లీ పెరుగుతుంది. అందుకే ఈ పద్ధతిని విమర్శించేవారు, ఒక్క అంకెను పట్టుకుని వేలాడడం తప్పని అంటారు. 1985లో అమెరికా అటవీ సేవా విభాగం పరిశోధకులు ప్రశ్ననే మార్చారు. ఎందరు రావచ్చు అని కాక, ఎంత మార్పును ఒప్పుకోగలం అని అడిగారు. నీటిలో ఇంత మలినం, దారి ఇంత వెడల్పు, పక్షుల గూళ్లు ఇన్ని అని ముందే హద్దు గీసుకుని, హద్దు దాటగానే చర్య తీసుకోవాలి. యాభై మంది అజాగ్రత్తపరులు అయిదు వందల మంది జాగ్రత్తపరులకంటే ఎక్కువ నష్టం చేయగలరు కాబట్టి ఈ పద్ధతి నాకు ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. అయితే కొలిచేవారు నిరంతరం ఉండాలి, వారికి జీతాలు కావాలి. సంఖ్యకు పరిమితి పెట్టి గేటు దగ్గర టికెట్లు ఆపడం చాలా చౌక.

పరిమితి దాటితే ఏమవుతుందో థాయిలాండ్‌లోని మాయా బే చూపించింది. ఒక హాలీవుడ్ సినిమాతో పేరు మోగిన ఆ చిన్న సముద్రతీరానికి రోజుకు వేల మంది పడవల్లో వచ్చేవారు. లంగర్లు తగిలి పగడాలు విరిగిపోయాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. మొదట కొన్ని నెలలే అనుకున్నది మూడున్నరేళ్లు సాగింది. కొత్త పగడాలు నాటారు. మనుషుల అలికిడి పోయాక నల్లరెక్క సొరచేపలు లోతులేని నీటిలోకి తిరిగి వచ్చాయి. 2022 జనవరిలో తీరాన్ని తెరిచినప్పుడు పడవలను లోపలికి రానివ్వలేదు. దీవి వెనక పక్క దిగి నడిచి రావాలి, ఒకేసారి కొన్ని వందల మందే, ఈత నిషిద్ధం. ఏటా రెండు నెలలు తీరానికి సెలవు.

అదే 2018లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బొరాకాయ్ ద్వీపాన్ని ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలు మూసింది. హోటళ్ల మురుగు నేరుగా సముద్రంలో కలుస్తోందన్నది కారణం. అక్రమ నిర్మాణాలు తొలగాయి, నీరు తేటపడింది. అయితే మూసివేత ప్రకటనకూ అమలుకూ మధ్య మూడు వారాలే ఉంది. వేల మంది గది పనివారు, వంటవారు, పడవవారు ఒక్కసారిగా కూలి కోల్పోయారు. మురుగు గొట్టాలు వేసింది వారు కాదు, అయినా మొదటి దెబ్బ వారికే తగిలింది. పర్యావరణాన్ని కాపాడే నిర్ణయం కూడా అన్యాయంగా అమలు కావచ్చన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఖరీదు పెంచడం పరిష్కారమేనా

భూటాన్ 1974లో విదేశీ యాత్రికులకు తలుపు తెరిచింది. తక్కువమంది, ఎక్కువ విలువ అన్నది మొదటి నుంచీ దాని విధానం. సుస్థిర అభివృద్ధి రుసుమును 2022 సెప్టెంబరులో తలకు, రాత్రికి 65 డాలర్ల నుంచి 200 డాలర్లకు పెంచింది. భారతీయులకు రోజుకు 1,200 రూపాయలుగా పెట్టింది. దేశంలో కనీసం 60 శాతం భూమి అడవిగా ఉండాలని రాజ్యాంగమే చెప్పే దేశం అది, ఆ నిధితో ఉచిత వైద్యానికి, విద్యకు, అడవులకు ఖర్చు పెడతామంది. అయితే రుసుము పెరిగిన సమయానికి దేశం మహమ్మారి దెబ్బ నుంచి కోలుకోలేదు. హోటళ్లు, గైడ్లు ఖాళీగా కూర్చున్నారు. ఏడాది తిరగకముందే, 2023 సెప్టెంబరు నుంచి దాన్ని 100 డాలర్లకు తగ్గించారు. ఈ రాయితీ 2027 ఆగస్టు వరకు.

ఖరీదు పెంచడాన్ని సమర్థించేవారికి పైన వేసిన వంద రూపాయల లెక్కే ఆధారం. తల ఒక్కింటికి ఎక్కువ డబ్బు, తక్కువ తలలు. వ్యతిరేకించేవారు మరో మాట అంటారు. సముద్రం, అడవి, కొండ డబ్బున్నవాడి సొత్తేనా? మధ్యతరగతి యాత్రికుడు చిన్న హోటల్లో దిగి, వీధి బండి దగ్గర తిని, ఊరి బస్సులో తిరుగుతాడు. అతడి ఖర్చు తక్కువే అయినా చాలావరకు ఊళ్లోనే నిలుస్తుంది. విలాస యాత్రికుడి ఖర్చు పెద్దదైనా దిగుమతి సరుకుల మీద, బయటి సంస్థల మీద పోవచ్చు, పైగా అతడి గది, స్నానపు తొట్టి, ఈత కొలను తాగే నీళ్లు ఎక్కువ. ఎక్కువ ఖరీదు అంటే తప్పనిసరిగా ఎక్కువ మేలు కాదు. స్థానికులకు, స్వదేశీయులకు వేరు ధర, విదేశీయులకు వేరు ధర పెట్టడం ఈ సమస్యకు చాలా దేశాలు వెతుక్కున్న మధ్యేమార్గం.

మంచి మనసు హాని చేసిన సందర్భం

బాధ్యత అంటే యాత్రికుడి మంచితనమే అనుకునేవారు కంబోడియా అనాథాశ్రమాల కథ తెలుసుకోవాలి. యాత్రకు వచ్చినవారు కొన్ని రోజులు అనాథాశ్రమంలో పిల్లలతో గడిపి, విరాళమిచ్చి వెళ్లడం అక్కడ ఒక వాడుకగా మారింది. యాత్రికులు పెరిగిన కాలంలోనే అనాథాశ్రమాల సంఖ్యా పెరిగింది. అక్కడి పిల్లల్లో అత్యధికులకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారని యునిసెఫ్ తదితర సంస్థల పరిశీలనలో బయటపడింది. చదువు చెప్పిస్తామన్న మాట నమ్మి పేద కుటుంబాలు పిల్లలను పంపాయి. విరాళాలే అనాథలను సృష్టించాయి. ప్రతి వారం కొత్త ముఖాలతో అనుబంధం పెంచుకుని, ప్రతి వారం వారిని పోగొట్టుకునే పిల్లల మనసు ఏమవుతుందో ఇచ్చేవారికి తట్టలేదు. వారిలో చెడ్డవారు లేరు. పిల్లల మేలు చూడాల్సిన వ్యవస్థ లేని చోట కరుణ కూడా సరుకైపోయింది.

పర్యావరణానికి మేలు చేస్తున్నామని చెప్పుకోవడానికి హోటళ్లు పెట్టుకునే పచ్చరంగు గుర్తుల సంగతీ ఇలాంటిదే. తువ్వాలు రోజూ ఉతికించుకోవద్దని గదిలో కాగితం పెట్టిన హోటలు తన మురుగును ఎక్కడికి పంపుతోందో ఆ కాగితం చెప్పదు. కోస్టారికా 1997లో ప్రభుత్వ ఆధ్వర్యంలో సుస్థిర పర్యాటక ధ్రువీకరణను తెచ్చింది, అలాంటి పథకాల్లో తొలినాటి వాటిలో అదొకటి. స్వయంగా వేసుకున్న గుర్తుకూ, బయటివారు వచ్చి తనిఖీ చేసి ఇచ్చిన గుర్తుకూ తేడా ఉంది. తనిఖీకి అయ్యే ఖర్చు భరించలేక చిన్న హోటళ్లు వెనకబడడం ఈ రెండో రకంలోని ఇబ్బంది.

విమానం వేసే ప్రశ్న

2018లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనం, ప్రపంచ హరితగృహ వాయు ఉద్గారాల్లో పర్యాటకం వాటా సుమారు 8 శాతమని తేల్చింది. ప్రయాణాలతో పాటు యాత్రికులు తినే తిండి, కొనే వస్తువులు, ఉండే గదులు అన్నీ కలిపి వేసిన లెక్క ఇది. సముద్రాలు దాటి వెళ్లి అడవిని కాపాడే విడిదిలో దిగిన యాత్రికుడి ఉద్గారాల్లో పెద్ద భాగం విమానానిదే. అలాంటప్పుడు ఆ యాత్రను పర్యావరణానికి మేలు అనవచ్చా?

అనకూడదని ఒక వర్గం గట్టిగా చెబుతుంది. ఇంకో పక్క పసిఫిక్ మహాసముద్రంలోని పలావ్ లాంటి ద్వీపాలున్నాయి. ప్రకృతిని గాయపరచనని ప్రతి యాత్రికుడి పాస్‌పోర్టులోనే ప్రతిజ్ఞ ముద్ర వేసి సంతకం పెట్టించుకునే దేశమది, 2017 నుంచి. పగడాలకు హాని చేసే సన్‌స్క్రీన్‌లను 2020లో నిషేధించింది. పర్యాటకం ఆగిపోతే దాని బతుకుతెరువు పోతుంది, ఉద్గారాలు ఆగకపోతే సముద్రమట్టం పెరిగి దాని నేలే పోతుంది. దీనికి నాకు తేలికైన జవాబు కనిపించడం లేదు. కొంత ఉపశమనం మాత్రం లెక్కలో దొరుకుతుంది. మూడేసి రోజుల యాత్రలు నాలుగు చేసేవాడు ఎనిమిది సార్లు విమానం ఎక్కుతాడు. పన్నెండు రోజుల యాత్ర ఒకటి చేసేవాడు రెండు సార్లే ఎక్కుతాడు. ఊళ్లో గడిపిన రోజులు రెండింటిలోనూ సమానమే కాబట్టి ఊరి ఆదాయం పెద్దగా తగ్గదు.

అసలు కొలుస్తున్నదేమిటి

పర్యాటక శాఖలు సాధారణంగా ఒకే అంకెను చూపి సంబరపడతాయి. వచ్చినవారెందరు? 1950లో ప్రపంచమంతటా అంతర్జాతీయ యాత్రికులు రెండున్నర కోట్లు. 2019లో సుమారు 146 కోట్లు. మరుసటి ఏడాది మహమ్మారితో ఆ సంఖ్య 70 శాతానికి పైగా పడిపోయింది. అప్పుడు యాత్రికుల మీదే పూర్తిగా ఆధారపడిన పరిరక్షణ ప్రాంతాల్లో గస్తీ జీతాలకు డబ్బు లేకుండా పోయింది. పొలం, చేపలవేట, చేతివృత్తి ఏదో ఒకటి వదులుకోకుండా పర్యాటకాన్ని పక్క ఆదాయంగా ఉంచుకున్న సమాజాలు ఆ దెబ్బను కొంత తట్టుకున్నాయి. రాకపోకల అంకె ఈ తేడాను చూపించదు. ఊళ్లో నిలిచిన డబ్బెంత, ఉద్యోగాల్లో ఏడాది పొడవునా ఉండేవెన్ని, బావుల్లో నీటిమట్టం ఎక్కడుంది, అద్దెలు ఎంత పెరిగాయి అన్న అంకెలు పోగుచేయడం కష్టం. అందుకే చాలాచోట్ల అవి ఉండవు.

వెనిస్‌లో ఆ పనికి ఊరివాళ్లే పూనుకున్నారు. 1951లో ఆ చారిత్రక నగరంలో దాదాపు లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉండేవారు. రియాల్టో వంతెనకు దగ్గరలో ఒక మందుల దుకాణం అద్దాల కిటికీలో 2008 నుంచి ఒక అంకెల పలక వెలుగుతోంది. నగరంలో మిగిలిన నివాసుల సంఖ్య అది. 2022లో యాభై వేల కిందికి పడింది. 2023లో నగరంలోనే ఒక పుస్తకాల దుకాణంలో మరో పలక పెట్టారు. అది యాత్రికులు పడుకునే మంచాల సంఖ్యను చూపిస్తుంది. ఆ ఏడాదే మంచాల సంఖ్య మనుషుల సంఖ్యను దాటిపోయింది.